అందరూ చదివే మాటకు తాళం ఎందుకు?

2010 అక్టోబరు 24న అమెరికాలోని శాన్ డియేగో నగరంలో జరిగిన టూర్‌కాన్ అనే భద్రతా నిపుణుల సమావేశంలో ఎరిక్ బట్లర్ అనే ప్రోగ్రామర్ ఒక చిన్న సాఫ్ట్‌వేర్‌ను విడుదల చేశాడు. పేరు ఫైర్‌షీప్. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు తగిలించుకునే ఉపకరణం అది. పాస్‌వర్డ్ అడగని ఏ కాఫీ షాపు వైఫైకో కనెక్టయి, అందులో ఒక బటన్ నొక్కితే చాలు. అదే వైఫై వాడుతున్న చుట్టుపక్కల వాళ్ళ పేర్లూ ఫొటోలూ తెర పక్కన వరుసగా వచ్చేవి. ఎవరి పేరు మీద రెండుసార్లు క్లిక్ చేస్తే వాళ్ళ ఫేస్‌బుక్ ఖాతాలోకి నేరుగా వెళ్ళిపోవచ్చు. పాస్‌వర్డ్ తెలియక్కర్లేదు, ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు. తొలి ఇరవైనాలుగు గంటల్లోనే దానికి లక్షకు పైగా డౌన్‌లోడ్లు వచ్చాయి.

బట్లర్ కొత్త లోపమేదీ కనిపెట్టలేదు. నిపుణులకు ఏళ్ళుగా తెలిసిన సంగతినే మామూలు జనం కళ్ళకు కట్టాడు. నాటి పెద్ద సైట్లలో చాలావరకు లాగిన్ మెట్టు ఒక్కదానికే రక్షణ పెట్టి, మిగతా సంభాషణంతా బాహాటంగా నడిపేవి. బ్యాంకులకూ దుకాణాలకూ రక్షణ కావాలని అందరూ ఒప్పుకున్నారు. జనం మాట్లాడుకునే చోట్ల దగ్గరే పేచీ. చర్చావేదికలు నడిపేవాళ్ళు చాలాకాలం ఒకే వాదన వినిపించారు: “మా దగ్గర డబ్బు లావాదేవీలు లేవు. ఇక్కడ రాసేదంతా అందరూ చదవడానికే. దాచాల్సిందే లేనప్పుడు తాళమెందుకు?”

వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ మాటకు తాళం వేసే ఎన్‌క్రిప్షన్ పని దాచడం ఒక్కటే అనుకోవడం వల్ల పుట్టిన వాదన ఇది. బహిరంగ చర్చకు కూడా మూడు హామీలు కావాలి. నా పేరుతో వచ్చిన మాట నేనే అన్నదై ఉండాలి. నేను అన్నది అన్నట్టుగానే అవతలివాళ్ళకు చేరాలి. ఎవరు ఏం చదువుతున్నారో దారిలో ఉన్నవాళ్ళకు తెలియకూడదు. ఈ మూడింటిలో ఏది లేకపోయినా చర్చ మీద నమ్మకం పోతుంది. ఎలాగో చూడాలంటే ముందు మన మాట ఏ దారిన పోతుందో తెలియాలి.

దారిలో ఎన్ని చేతులు

ఫోన్‌లో ఒక చర్చావేదిక పేజీ తెరిచామనుకుందాం. మన అభ్యర్థన ముందు ఇంట్లోనో హోటల్లోనో ఉన్న వైఫై రూటర్‌ను చేరుతుంది. అక్కణ్ణుంచి ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చిన కంపెనీకి, ఆ పైన పెద్ద నెట్‌వర్కులకు, ఒక్కోసారి సముద్రం అడుగున పరిచిన కేబుళ్ళలోకి, చివరికి సర్వర్ ఉన్న డేటా సెంటర్‌కి వెళుతుంది. జవాబు కూడా ఇలాగే చేతులు మారుతూ వస్తుంది. పాత పద్ధతి అయిన హెచ్‌టీటీపీలో ఈ రాకపోకలన్నీ మామూలు అక్షరాల్లోనే ఉంటాయి. మధ్యలో ఎవరైనా తొంగిచూస్తే కనబడేది, తెలుగులో రాసుకుంటే, ఇంచుమించు ఇలా ఉంటుంది:

కావలసిన పేజీ: /చర్చలు/మధుమేహం/4127
సైటు: ఫలానా వేదిక
బ్రౌజర్: ఆండ్రాయిడ్ ఫోన్‌లో క్రోమ్
కుకీ: సెషన్=క9ఘ27ప4మ

నాలుగు వరుసల్లో ఎక్కువ ప్రమాదం ఆఖరిదానితో. హెచ్‌టీటీపీకి జ్ఞాపకశక్తి లేదు. ఒక పేజీ ఇచ్చాక, మరుక్షణం అడిగింది ఆ మనిషేనా కాదా అన్నది దానికి పట్టదు. ఈ ఇబ్బందికి విరుగుడుగా 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో పనిచేస్తున్న లూ మాంటుల్లీ కుకీని తయారుచేశాడు. మనం ఒకసారి పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్ళగానే సర్వర్ ఒక పొడవాటి సంకేతం ఇస్తుంది. ఆ తర్వాత అడిగే ప్రతి పేజీకీ బ్రౌజర్ ఆ సంకేతాన్ని జతచేసి పంపుతుంది. గుడి బయట చెప్పుల స్టాండులో ఇచ్చే టోకెన్ లాంటిది ఇది. టోకెన్ చూపించినవాడికే చెప్పులు. అది తెచ్చింది ఎవరని స్టాండువాడు అడగడు.

ఫైర్‌షీప్ చేసింది ఆ టోకెన్‌ను గాలిలోంచి అందుకోవడమే. రక్షణ లేని వైఫైలో రేడియో తరంగాలు పరిధిలో ఉన్న పరికరాలన్నింటికీ వినిపిస్తాయి. ఒక్క ఫొటో కోసమో ఒక్క వ్యాఖ్య కోసమో వెళ్ళిన అభ్యర్థనలో కూడా కుకీ ఉంటుంది కాబట్టి, లాగిన్ మెట్టు ఎంత భద్రంగా ఉన్నా లాభం లేకపోయింది. మన దేశంలో 2016లో రైల్వే స్టేషన్లకు ఉచిత వైఫై పెద్ద ఎత్తున రావడం మొదలైంది. విశాఖపట్నం, విజయవాడ, కాచిగూడ స్టేషన్లు తొలి జాబితాల్లోనే ఉన్నాయి. ఫోన్‌కు వచ్చిన ఓటీపీ కొడితే చాలు, రైలు కోసం ఆగిన కాసేపు చదువుకోవచ్చు. లక్షలమందికి అదొక వరం. కానీ ఓటీపీ మనమెవరో నెట్‌వర్కుకు చెబుతుంది తప్ప మన మాటను కాపాడదు. కాపాడాల్సింది మనం వెళ్ళే సైటే.

ఇందులో “దాచాల్సిందే లేదు” అన్న వాదనకు మొదటి జవాబు ఉంది. చర్చలో పోస్టులు బహిరంగమే కావచ్చు, కుకీ మాత్రం బహిరంగం కాదు. అది చేజిక్కినవాడు నా పేరుతో ఏమైనా రాయగలడు. ఒక మతాన్నో కులాన్నో దూషిస్తూ నా పేరుతో నాలుగు వాక్యాలు పెడితే, అవి నేను రాయలేదని పోలీస్ స్టేషన్లో నిరూపించుకోవాల్సింది నేనే. వేదిక నిర్వాహకుడి కుకీ దొరికితే సంగతి ఇంకా ఘోరం. సభ్యులందరి ఈమెయిల్ చిరునామాలూ ప్రైవేటు సందేశాలూ వాడి చేతికి రావచ్చు. పైగా లాగిన్‌కు కూడా రక్షణ లేని వేదికలో పాస్‌వర్డే దారిలో దొరికిపోతుంది. చాలామంది ఒకే పాస్‌వర్డ్‌ను నాలుగైదు చోట్ల వాడతారు. చిన్న చర్చావేదికలో పోయిన పాస్‌వర్డ్‌తో పెద్ద ఖాతాలు తెరుచుకున్న సందర్భాలు కోకొల్లలు.

అందరి ఎదుటే కుదిరే రహస్యం

దారి పొడవునా చెవులున్నప్పుడు, ముఖపరిచయం లేని ఇద్దరు ఒక రహస్య సంకేతాన్ని ఎలా కుదుర్చుకుంటారు? 1976 దాకా ఇది అసాధ్యమని చాలామంది అనుకున్నారు. ఆ ఏడాది విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్మన్ ప్రచురించిన పరిశోధన పత్రం ఆ అభిప్రాయాన్ని తలకిందులు చేసింది. వాళ్ళ పద్ధతిని చిన్న అంకెలతో కాగితం మీద చేసి చూడవచ్చు.

మన ఫోను, సర్వరు రెండూ 3, 17 అనే సంఖ్యలను బాహాటంగా ఒప్పుకుంటాయి. ఫోను మనసులో 6 అనుకుంటుంది. మూడును ఆరుసార్లు హెచ్చవేస్తే 729. దాన్ని 17తో భాగిస్తే శేషం 15. ఆ 15ను సర్వర్‌కు పంపుతుంది. సర్వరు మనసులో 7 అనుకుంటుంది. మూడును ఏడుసార్లు హెచ్చవేస్తే 2187, 17తో భాగిస్తే శేషం 11. ఆ 11ను ఫోన్‌కు పంపుతుంది. ఇప్పుడు ఫోను తనకు వచ్చిన 11ను ఆరుసార్లు హెచ్చవేసి 17తో భాగిస్తే శేషం 8. సర్వరు తనకు వచ్చిన 15ను ఏడుసార్లు హెచ్చవేసి 17తో భాగిస్తే శేషం అదే 8. ఇద్దరికీ ఒకే సంఖ్య దక్కింది. దారిలో విన్నవాడికి తెలిసినవి 3, 17, 15, 11. ఎనిమిది మాత్రం ఎవరూ ఎక్కడా పలకలేదు.

ఇంత చిన్న అంకెలైతే వినేవాడు అన్నీ ప్రయత్నించి నిమిషంలో పట్టేస్తాడు. 17 బదులు వందల అంకెల పొడవున్న ప్రధాన సంఖ్యను తీసుకుంటే హెచ్చవేసి శేషం తీయడం కంప్యూటర్‌కు క్షణం పని. ఆ శేషం నుంచి వెనక్కి వెళ్ళి మనసులో అనుకున్న సంఖ్యను రాబట్టడం మాత్రం నేటి కంప్యూటర్లకు చేతకాదు. ఇప్పటి బ్రౌజర్లు ఎక్కువగా ఇదే ఉపాయాన్ని దీర్ఘవృత్త వక్రాలనే గణితంతో నడుపుతాయి. అలా కుదిరిన సంఖ్యే ఆ కాసేపటి సంభాషణకు తాళంచెవి.

ఇందులో ఒక చిక్కుంది. మధ్యలో కూర్చున్నవాడు ఫోన్‌తో “నేనే సర్వర్‌ని” అనీ, సర్వర్‌తో “నేనే ఫోన్‌ని” అనీ చెప్పి, ఇద్దరితోనూ వేర్వేరు తాళంచెవులు కుదుర్చుకోగలడు. అందుకే సర్టిఫికెట్ అవసరమైంది. ఫలానా డొమైన్ పేరుకు, దాని సంతకాలను సరిచూసే ఫలానా బహిరంగ తాళంచెవి చెందుతుందని బ్రౌజర్లు నమ్మే ఒక సంస్థ సంతకం చేసి ఇచ్చే పత్రమది. 1977లో రివెస్ట్, షమీర్, ఏడెల్మన్ ముగ్గురూ రూపొందించిన ఆర్‌ఎస్‌ఏ వంటి పద్ధతులు ఈ డిజిటల్ సంతకానికి ఆధారం. ఇవన్నీ కలిపి నెట్‌స్కేప్ 1995లో ఎస్‌ఎస్‌ఎల్‌ను బయటికి తెచ్చింది. దాని వారసుడే టీఎల్‌ఎస్. హెచ్‌టీటీపీ ఈ రక్షణ లోపల నడిస్తే అదే హెచ్‌టీటీపీఎస్.

వెళ్ళే ప్రతి డేటా ముక్కకూ టీఎల్‌ఎస్ ఒక ముద్ర వేస్తుంది. ఆ ముద్రను ఆ సంభాషణకు కుదిరిన తాళంచెవి ఉన్నవాళ్ళే వేయగలరు. దారిలో ఒక్క అక్షరం మారినా ముద్ర సరిపోదు, బ్రౌజర్ ఆ ముక్కను తీసుకోదు. బహిరంగ చర్చలకు అన్నిటికంటే ముఖ్యమైన గుణం నా దృష్టిలో ఇదే. మాటను దాచడం కన్నా దాన్ని మారకుండా చేర్చడం పెద్ద విషయం.

దారిలో మారిన మాటలు

మార్చడం ఊహాజనితమైన భయం కాదు. 2015 జూన్‌లో బెంగళూరుకు చెందిన ఒక ప్రోగ్రామర్, ఎయిర్‌టెల్ 3జీ మీద తెరిచిన వెబ్ పేజీల్లో, ఆ సైట్లవాళ్ళు రాయని జావాస్క్రిప్ట్ కోడ్ ఉండటం గమనించాడు. పేజీ దారిలో ఉండగా నెట్‌వర్కులోనే దాన్ని చొప్పించారు. వినియోగదారులకు తమ డేటా వాడకం తెలియజేయడానికి చేస్తున్న ప్రయోగమని కంపెనీ వివరణ ఇచ్చింది. ఆ కోడ్‌ను బయటపెట్టినందుకు, దాన్ని తయారుచేసిన ఇజ్రాయెల్ కంపెనీ నుంచి ఆ ప్రోగ్రామర్‌కు లీగల్ నోటీసు వచ్చింది. ఉద్దేశం ఏదైనా కానివ్వండి, రాసినవాళ్ళకూ చదివేవాళ్ళకూ తెలియకుండా పేజీ మారింది. హెచ్‌టీటీపీఎస్ ఉన్న పేజీలో ఈ పని సాగేది కాదు.

అంతకు మూడు నెలల ముందు ఇంకా పెద్ద ఉదంతం జరిగింది. అనేక సైట్లు చైనాకు చెందిన బైదూ కంపెనీవారి గణాంకాల కోడ్‌ను హెచ్‌టీటీపీ మీద తెచ్చుకునేవి. 2015 మార్చిలో చైనా సరిహద్దు నెట్‌వర్కులో ఆ కోడ్‌ను కొన్నిసార్లు అడ్డగించి, బదులుగా దాడి చేసే కోడ్‌ను పంపారు. ఆ సైట్లు తెరిచిన మామూలు పాఠకుల బ్రౌజర్లు ఎన్నో వాళ్ళకు తెలియకుండానే ప్రోగ్రామర్ల వేదిక గిట్‌హబ్ మీద అభ్యర్థనల వర్షం కురిపించాయి. గిట్‌హబ్ రోజుల తరబడి ఉక్కిరిబిక్కిరైంది. టొరంటో విశ్వవిద్యాలయంలోని సిటిజన్ ల్యాబ్ ఈ ఆయుధానికి గ్రేట్ కేనన్ అని పేరు పెట్టింది. సైటు చిన్నదైనా, అందులో రహస్యమేమీ లేకపోయినా, రక్షణ లేని పేజీ చదివే ప్రతివాడినీ ఇంకొకరి మీదికి ఆయుధంగా ఎక్కుపెట్టవచ్చని ఈ దాడి నిరూపించింది.

ట్యునీషియాలో పణంగా పెట్టింది మనుషుల ప్రాణాలనే. 2010 డిసెంబరులో అక్కడ అధ్యక్షుడు బెన్ అలీ ప్రభుత్వం మీద తిరుగుబాటు మొదలైంది. వార్తలూ వీడియోలూ ఫేస్‌బుక్ ద్వారానే పాకుతున్నాయి. ఆ రోజుల్లో దేశంలోని ఇంటర్నెట్ సంస్థల దారిలో ఫేస్‌బుక్, జీమెయిల్, యాహూ లాగిన్ పేజీల్లోకి ఒక చిన్న కోడ్ వచ్చి చేరేది. పాస్‌వర్డ్ కొట్టగానే అది కాజేసేది. పాస్‌వర్డ్ పంపే మెట్టులో రక్షణ ఉన్నా, పేజీ మాత్రం హెచ్‌టీటీపీ మీదే వస్తుండటంతో ఇది సాధ్యమైంది. ఉద్యమకారుల ఖాతాలు వరుసగా మాయమయ్యాయి. ఫేస్‌బుక్ సిబ్బంది జనవరి రెండోవారంలో ట్యునీషియా నుంచి వచ్చే అభ్యర్థనలన్నింటినీ హెచ్‌టీటీపీఎస్‌కు మళ్ళించారు. జనవరి 14న బెన్ అలీ దేశం విడిచి పారిపోయాడు. అదే నెలలో ఫేస్‌బుక్ తన వినియోగదారులందరికీ హెచ్‌టీటీపీఎస్‌ను ఎంచుకునే వీలు కల్పించింది. 2013 నాటికి అందరికీ దాన్నే ఖాయం చేసింది.

మౌనంగా చదివేవాళ్ళు

ఏ చర్చావేదికలోనైనా రాసేవాళ్ళు కొద్దిమంది, చదివేవాళ్ళు వేలమంది. “ఇక్కడంతా బహిరంగమే” అనేవాళ్ళు ఈ వేలమందిని మరిచిపోతారు. పోస్టు బహిరంగమే. దాన్ని ఫలానా మనిషి రాత్రి పన్నెండింటికి చదివాడన్నది బహిరంగం కాదు.

హెచ్‌ఐవీ మందుల గురించి చదివే భర్త, గృహహింస చట్టం గురించి వెతికే భార్య, కులాంతర వివాహం రిజిస్టర్ చేసుకోవడం ఎలాగో తెలుసుకునే జంట, అప్పులు తీర్చలేక సలహాల కోసం తిరిగే రైతు. వీళ్ళు ఒక్క ముక్క కూడా రాయకపోవచ్చు. వాళ్ళు తెరిచిన పేజీల జాబితాయే వాళ్ళ జీవితాన్ని పూసగుచ్చినట్టు చెబుతుంది. ఒకే వైఫై వాడే ఇల్లూ, హాస్టలూ, ఆఫీసూ మన దగ్గర మామూలు. హెచ్‌టీటీపీ మీద నడిచే వేదికలో ఆ జాబితా రూటర్ పట్టుకున్నవాడికి వట్టినే దొరుకుతుంది. హెచ్‌టీటీపీఎస్ ఉంటే ఏ సైటుకు వెళ్ళారో తెలియవచ్చు గానీ, అందులో ఏ పేజీ చదివారో, ఏం వెతికారో కనబడదు. ఈ ఒక్క తేడా కోసమైనా ప్రతి చర్చావేదికకూ ఎన్‌క్రిప్షన్ ఉండి తీరాలి.

ఖర్చెంత?

నిర్వాహకుల పాత అభ్యంతరాల్లో నిజం లేకపోలేదు. ఒకప్పుడు సర్టిఫికెట్‌కు ఏటా డబ్బు కట్టాలి. ఒక సర్వర్ మీద పది సైట్లుంటే ఒక్కోదానికి వేరే ఐపీ చిరునామా కావాల్సి వచ్చేది. ఎన్‌క్రిప్షన్ లెక్కలు సర్వర్‌ను నెమ్మదింపజేస్తాయన్న భయం ఉండేది. 2010 జనవరిలో జీమెయిల్ డిఫాల్ట్‌గా హెచ్‌టీటీపీఎస్‌కు మారినప్పుడు ఆ భయం తేలిపోయింది. కొత్త యంత్రాలేవీ కొనకుండానే ఆ పని జరిగింది. తమ సర్వర్లలో ఎన్‌క్రిప్షన్‌కు పట్టే ప్రాసెసర్ శ్రమ ఒక శాతం కన్నా తక్కువని గూగుల్ ఇంజినీర్లు లెక్క చెప్పారు.

సర్టిఫికెట్ ఖర్చును లెట్స్ ఎన్‌క్రిప్ట్ తీర్చింది. మొజిల్లా, ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్, మిషిగన్ విశ్వవిద్యాలయం తదితరులు కలిసి నిలబెట్టిన ఈ లాభాపేక్ష లేని సంస్థ 2015 డిసెంబరులో అందరికీ ఉచితంగా సర్టిఫికెట్లు ఇవ్వడం ప్రారంభించింది. దరఖాస్తు, తనిఖీ, జారీ, పునరుద్ధరణ అన్నీ సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది. 2020 ఫిబ్రవరికి వంద కోట్లవ సర్టిఫికెట్ ఇచ్చింది. 2017 జూన్‌లో ప్రపంచవ్యాప్తంగా తెరుచుకున్న పేజీల్లో 58 శాతం హెచ్‌టీటీపీఎస్ మీద వస్తే, 2020 నాటికి అది 81 శాతానికి పెరిగిందని ఆ సంస్థ ప్రకటించింది.

అయినా పాత వేదికలకు ఈ మార్పు చిటికెలో అయ్యే పని కాదు. ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల వేదిక స్టాక్ ఓవర్‌ఫ్లో 2013లో మొదలుపెట్టి 2017 మేలో పూర్తిచేసింది. ఏళ్ళ తరబడి సభ్యులు పెట్టిన పోస్టుల్లో హెచ్‌టీటీపీ మీద వచ్చే బొమ్మలుండేవి. భద్రమైన పేజీలో అలాంటి బొమ్మ ఒకటున్నా రక్షణకు కంత పడినట్టే. ప్రకటనలు పంపే సంస్థలు కూడా హెచ్‌టీటీపీఎస్‌కు మారేదాకా ఆగాల్సి వచ్చింది. డొమైన్ పేర్లు మరో తలనొప్పి. నక్షత్రం గుర్తుతో ఇచ్చే సర్టిఫికెట్ ఒక అంచె పేర్లకే వర్తిస్తుంది. ఆ వేదికకు అనుబంధంగా ఉన్న మెటా సైట్ల చిరునామాల్లో రెండంచెలుండటంతో వాటి పేర్లనే మార్చుకున్నారు. ఇంత శ్రమపడి మారిన ఆ వేదికలో ఉన్నవి సాఫ్ట్‌వేర్ సందేహాలూ వాటి జవాబులే. అక్కణ్ణుంచి కోడ్ తీసుకుని తమ ప్రోగ్రాముల్లో పెట్టుకునేవాళ్ళు లెక్కలేనంతమంది. దారిలో ఆ కోడ్‌ను ఎవరైనా మార్చగలిగితే నష్టం ఎంత దూరం పాకుతుందో ఊహించుకోవచ్చు.

తాళం చెప్పని సంగతులు

హెచ్‌టీటీపీఎస్ కాపాడేది దారిని మాత్రమే. గమ్యంలో ఉన్న సర్వర్‌కు అన్నీ కనిపిస్తాయి. నిర్వాహకుడు సమాచారాన్ని అమ్ముకున్నా, పాస్‌వర్డ్‌లను నిర్లక్ష్యంగా నిల్వచేసినా టీఎల్‌ఎస్ అడ్డుకోలేదు. మోసగాళ్ళు కూడా తమ నకిలీ సైటుకు సర్టిఫికెట్ తెచ్చుకోగలరు. బ్రౌజర్‌లో చిరునామా పక్కన కనబడే తాళం బొమ్మ చూసి సైటు నిజాయితీపరులదే అనుకునేవాళ్ళు ఎక్కువయ్యారనే 2023లో క్రోమ్ ఆ బొమ్మను తీసేసింది.

సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలు కూడా దెబ్బతినగలవు. 2011లో నెదర్లాండ్స్‌కు చెందిన డిజినోటార్ సంస్థలోకి చొరబడినవాళ్ళు గూగుల్ పేరుతో దొంగ సర్టిఫికెట్ పుట్టించారు. ఇరాన్‌లో లక్షలమంది జీమెయిల్ రాకపోకల మీద అది ప్రయోగమైంది. ఆ సెప్టెంబరులోనే డిజినోటార్ దివాలా తీసింది. మన దేశంలోనూ 2014 జులైలో నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ నుంచి గూగుల్ డొమైన్లకు అనధికార సర్టిఫికెట్లు జారీ అయిన సంగతి బయటపడింది. ప్రభుత్వ నియంత్రణాధికారి ఆ సంస్థ సర్టిఫికెట్ అధికారాలను వెంటనే రద్దు చేశారు. ఇలాంటి దెబ్బల నుంచే జారీ అయిన ప్రతి సర్టిఫికెట్‌నూ బహిరంగ చిట్టాల్లో నమోదు చేసే ఏర్పాటు వచ్చింది. 2018 నుంచి, అలా నమోదు కాని కొత్త సర్టిఫికెట్లను క్రోమ్ ఒప్పుకోవడం మానేసింది.

బాధ్యత ఎవరిది?

2018 జులై నుంచి హెచ్‌టీటీపీ పేజీలన్నింటినీ క్రోమ్ “సురక్షితం కాదు” అని చూపిస్తోంది. అయినా ఏ ఊరి సంఘం కోసమో, ఏ పాత విద్యార్థుల బృందం కోసమో ఎప్పుడో మొదలుపెట్టి వదిలేసిన చిన్న వేదికలు కొన్ని ఇంకా పాతదారిలోనే ఉన్నాయి. వాటిని నడిపేవాళ్ళు చేయాల్సింది పెద్దగా లేదు. సర్టిఫికెట్ పెట్టాలి, అది దానంతటదే పునరుద్ధరణ అయ్యేట్టు చూడాలి. ప్రతి పేజీనీ హెచ్‌టీటీపీఎస్‌కు మళ్ళించాలి. కుకీలు రక్షణ లేని దారిన వెళ్ళకుండా వాటికి సెక్యూర్ గుర్తు తగిలించాలి. ఇకమీదట ఈ సైటుకు హెచ్‌టీటీపీఎస్ తప్ప వేరే దారి లేదని బ్రౌజర్‌కు చెప్పే హెచ్‌ఎస్‌టీఎస్ ఆదేశాన్ని జతచేయాలి. సభ్యులు పెట్టే బొమ్మలు కూడా అదే దారిన వచ్చేట్టు చూడాలి.

ఈ పనులేవీ సభ్యుల చేతుల్లో లేవు. వైఫై మంచిదా కాదా, నెట్‌వర్కు కంపెనీ ఏం చేస్తోంది అన్నవి కనిపెట్టడం మామూలు పాఠకుడి తరం కాదు, ఆ భారం అతని మీద వేయడం న్యాయమూ కాదు. నలుగురినీ పిలిచి మాట్లాడమన్నవాళ్ళు, ఆ నలుగురి పేర్లూ మాటలూ దారిలో చెడిపోకుండా చూడాలి. ఒకప్పుడు డబ్బులేదని, యంత్రాలు చాలవని, అనుభవం లేదని ఆ పనిని వాయిదా వేశారంటే అర్థముంది. సర్టిఫికెట్ ఉచితమై, ఎన్‌క్రిప్షన్ భారం లెక్కలోకి రానంత తగ్గాక, రక్షణ లేకుండా చర్చావేదిక నడపడం సభ్యుల పట్ల చేసే అన్యాయమే.